మార్గరీటాలో మాగాయ ఊట

కిందటి ఆదివారం పొద్దున్నే డల్లాస్ నుంచి మా అమ్మాయి ఫోను చేసింది. నేను మాగాయకి ముక్కలు తరుగుతూ కూచున్నాను. ఫోను ఉప్పుజాడీకి ఆనించి మాట్లాడుతున్నాను.

"అమ్మా, నిన్న మా స్నేహితులొస్తే దోసకాయ ఊరగాయ నీళ్ళతో మార్గరీటా చేశాను. అందరూ లొట్టలేశారనుకో!" అంది.

మార్గరీటా అంటే పిజ్జా కాబోలనుకున్నాను. పిజ్జాలో ఊరగాయ నీళ్ళెందుకే అని అడిగాను కూడా. అది పకపకా నవ్వి, "పిజ్జా కాదమ్మా, కాక్‌టెయిల్. టెకీలా పోసి చేస్తారు" అంది.

నా చేతిలో కత్తిపీట ఆగిపోయింది. పేపరు వెనకాల మావారు మాత్రం దగ్గినట్టు నటించి నవ్వుకున్నారు.

నా కంగారుకి కారణం లేకపోలేదు. మా పెద్దమేనత్తగారి భర్త సారాకి నాలుగెకరాల మాగాణి ధారపోశాడు. చివరికి ఆవిడ మెడలో పసుపుతాడూ, చేతిలో ఊరగాయ జాడీలూ మిగిలాయి. ఆ జాడీల మీదే ఇంటింటికీ ఊరగాయలు పెట్టి ఇద్దరు పిల్లల్ని చదివించింది. ఊరగాయ అంటే మా ఇంట్లో అన్నం పెట్టిన తల్లి. ఆ తల్లిని తీసికెళ్ళి సీసాలో కలుపుతావా అనిపించింది. పైకేమీ అనలేక ఫోను పెట్టేశాను.

కోపం రెండు రోజులుంది. మూడోనాడు, ఉప్పులో వేసిన మాగాయ ముక్కలు ఊట వదిలేసరికి, కోపం స్థానంలో కుతూహలం వచ్చి కూచుంది. అసలు ఈ మార్గరీటా ఎవరు? ఊరగాయ నీళ్ళకీ ఆవిడకీ చుట్టరికం ఎలా కలిసింది? దొరికినవన్నీ చదివాను. మీతోనూ చెప్పకపోతే తోచదు కదా!

ముందు మన ఇంటిపక్క సంగతి. ఊరిన కాయ కనక ఊరగాయ. ఆ ఊరినప్పుడు వచ్చేది ఊట. ఉప్పు తగలగానే కాయలోని నీరు బయటికి లాగబడుతుంది. ఆ ఉప్పునీటిలో కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు చాలామటుకు బతకలేవు. మాగాయకి మూడోరోజున ముక్కలు పిండి ఎండబెట్టినా, ఊటని మాత్రం పారబోయం. దాన్నీ ఎండలో పెట్టి, మళ్ళీ ముక్కల్ని అందులోనే వేస్తాం. మా మేనత్త వేసవిలో మజ్జిగలో చెంచాడు ఊట కలిపి ఇచ్చేది. వడదెబ్బకి అదే మాకు మందు.

ఇంగ్లీషులో పికిల్ అనే మాటకీ మూలం ఉప్పునీరేనట. డచ్చివాళ్ళ పెకెల్ అన్న మాట నుంచి వచ్చింది. రష్యాలో దోసకాయలు ఊరవేసిన నీటిని రస్సోల్ అంటారు. రాత్రి మితిమీరి తాగినవాడికి పొద్దున్నే ఇల్లాలు ఒక గ్లాసు రస్సోల్ చేతికిస్తుంది. తాగినవాడు మొగుడు, తేరుకోడానికి మందు చేసేది పెళ్ళాం. ఏ దేశమేగినా ఈ పని మాత్రం మనదే!

పందొమ్మిదో శతాబ్దం చివర తూర్పు యూరప్ నుంచి యూదులు లక్షలమంది అమెరికాకి తరలిపోయారు. న్యూయార్కులో లోయర్ ఈస్ట్ సైడ్ ఇరుకు వీధుల్లో పీపాలు పెట్టుకుని దోసకాయ ఊరగాయలు అమ్మారు. అందులో వెల్లుల్లీ, మన బజార్లో సోయకూర అని అమ్మే ఆకూ వేస్తారు. ఉప్పునీటిలో నిలవుంచితే నూనె లేకుండానే కాయ దానంతటదే పులుస్తుంది. మన తరవాణి పులిసినట్టే. తొందరగా కావాలనుకున్నవాళ్ళు వినిగర్ పోస్తారు.

ఆ నీటికి గౌరవం తెచ్చింది ఒక ఫుట్‌బాల్ ఆట. 2000 సెప్టెంబరు 3న డల్లాస్ జట్టు మీద ఆడటానికి ఫిలడెల్ఫియా జట్టు టెక్సాస్ వెళ్ళింది. నూట తొమ్మిది డిగ్రీల ఫారన్‌హీట్ ఎండ. కండరాలు పట్టేయకుండా ఆటగాళ్ళ చేత ఊరగాయ నీళ్ళు తాగించారు. 41-14 తేడాతో గెలిచారు. అప్పట్నుంచి ఆ ఆటకి ఊరగాయ నీళ్ళ ఆట అనే పేరు నిలిచిపోయింది. మా మేనత్త వింటే, "ఇంత బతుకూ బతికి ఇప్పటికా తెలిసింది?" అనేది.

తరవాత బ్రూక్లిన్‌లో ఒక బారులో 2006 ప్రాంతంలో విస్కీ వెంట ఒక గుక్క ఊరగాయ నీళ్ళు ఇవ్వడం మొదలెట్టారు. అలా గ్లాసు పక్కకి చేరిన ఊట మెల్లిగా గ్లాసులోకే దిగింది.

ఇక మార్గరీటా కథ. స్పానిష్‌లో ఈ మాటకి డెయిజీ పువ్వు అని అర్థం. మద్యం, పుల్లటి రసం, తీపి కలిపే పానీయాలకి అమెరికాలో డెయిజీ అనే పేరు అంతకుముందే ఉంది. ఆ పేరునే మెక్సికోవాళ్ళు తమ భాషలో పిలిచి ఉంటారని కొందరంటారు.

కానీ పువ్వు కథతో జనానికి తృప్తి ఉంటుందా? ఒక ఆడమనిషి ఉండాలి. తిహువానా దగ్గర హోటలు నడిపిన కార్లోస్ ఎర్రేరా, 1938 ప్రాంతంలో మార్జొరీ కింగ్ అనే నర్తకి కోసం చేశానన్నాడు. ఆవిడకి టెకీలా తప్ప మరేదీ పడేది కాదట. హువారెస్ ఊళ్ళో పంచో మొరాలెస్, 1942 జులై 4న తానే కనిపెట్టానన్నాడు. డల్లాస్‌కి చెందిన మార్గరెట్ సేమ్స్ అనే సంపన్న ఇల్లాలు, 1948 క్రిస్మస్‌కి అకపుల్కోలోని తమ ఇంట్లో అతిథుల కోసం తన చేత్తో కలిపానంది. ఎవరు నిజం? లండన్‌లో 1937లో అచ్చయిన కెఫే రాయల్ కాక్‌టెయిల్ పుస్తకంలో పికడోర్ అనే పేరుతో ఇదే సరుకు, ఇదే పాకం ఉంది! కొత్తావకాయ మొదట ఎవరు పెట్టారంటే ఏం చెబుతాం? ఇదీ అంతే.

ఇందులో టెకీలా మెక్సికోది. దాన్ని తీసే నీలి అగావే మొక్క మన రైలుకట్టల పక్కన కంచెగా పెరిగే కిత్తనారకి దగ్గర చుట్టం. మన కిత్తనారా అక్కణ్ణుంచి వచ్చిందే. ఆ మొక్క ముదరడానికి ఏడెనిమిదేళ్ళు పడుతుంది. ఆకులు చెక్కేసి, అనాసకాయలా ఉండే నడిమి దుంపని ఉడకబెట్టి, పులియబెట్టి, బట్టీ పడతారు. అదే మెక్సికో నుంచి పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళ ఓడల దారిన మనకి మిరపకాయ చేరింది. అంతకుముందు మన కారమంతా మిరియాలదీ, ఆవాలదీ. అంటే మన ఊరగాయల్లో కారం, మార్గరీటాలో మద్యం ఒకే పుట్టింటి ఆడపడుచులు!

1971లో డల్లాస్‌లోనే మరియానో మార్టినెజ్ అనే హోటలాయన, నిమ్మకాయలు పిండలేక బారులో పనివాళ్ళు గోల పెడుతుంటే, ఐస్‌క్రీమ్ యంత్రాన్ని మార్చి అందులో మార్గరీటా గడ్డకట్టించాడు. ఆ యంత్రం 2005లో స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరింది. నిమ్మకాయలు పిండిన చేతుల్ని ఏ మ్యూజియంలో పెడతారు చెప్పండి!

టెకీలా అమెరికావాళ్ళకి బాగా పరిచయమైంది మద్యనిషేధం రోజుల్లోనే. 1920 నుంచి 1933 దాకా అక్కడ మద్యం తయారుచేసినా, అమ్మినా నేరం. సరిహద్దు దాటి తిహువానా వెళ్ళి తాగొచ్చేవారు. ఆ నిషేధానికి బీజం వేసింది ఆడవాళ్ళు. 1873-74 చలికాలంలో ఒహాయోలో సారాదుకాణాల ముందు మోకరిల్లి ప్రార్థనలు చేశారు. దొంగసారా, గూండాయిజం పెరిగిపోయాక, 1929లో పాలిన్ సేబిన్ అనే ఆవిడ నాయకత్వాన నిషేధం ఎత్తెయ్యాలని కదిలింది కూడా ఆడవాళ్ళే.

ఇది చదువుతుంటే నెల్లూరు జిల్లా దూబగుంట కళ్ళముందు మెదిలింది. అక్షరాలు నేర్చుకోడానికి చేరిన ఆడవాళ్ళు, పాఠంలో తమ కథే చదువుకుని, సారాదుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు మీరెరగనిది కాదు. 1992లో రాజుకున్న ఆ నిప్పుకి 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. మా మేనత్త బతుకులో మాత్రం అవన్నీ ఆలస్యంగా వచ్చినవే.

శనివారం మా అమ్మాయికి నేనే ఫోను చేశాను. ముందుగా పాకం అడిగాను. రెండు పాళ్ళ టెకీలా, ఒక పాలు నారింజ మద్యం, ఒక పాలు నిమ్మరసం, ఒక పాలు ఊరగాయ నీళ్ళు, గ్లాసు అంచుకి ఉప్పూ కారం. "సీసాల సంగతి నీ ఇష్టం, పెద్దదానివి. కానీ ఒక కథ విను" అని మేనత్త కథంతా మొదటిసారి చెప్పాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?" అంది. నా దగ్గర జవాబు లేదు. పరువు అనుకుని దాచిన కథలు పిల్లలకి ఏం ఉపయోగం?

ఆ సాయంత్రం నేనూ చేశాను. ఒక నిమ్మకాయ రసం, కాస్త నారింజరసం, రెండు చెంచాల పంచదార, చెంచాడు మాగాయ ఊట, చల్లటి కుండనీళ్ళు. గ్లాసు అంచుకి నిమ్మచెక్క రాసి ఉప్పూకారంలో అద్దాను. ఊటలో ఉప్పుంది కనక లోపల మళ్ళీ ఉప్పు వెయ్యకండి. రక్తపోటున్నవాళ్ళు అసలు ముట్టుకోకండి. మావారు తాగి, "ఇంకో గ్లాసుందా?" అన్నారు. పెళ్ళయిన ముప్పయ్యేళ్ళకి మొదటి మెప్పు!

నిన్న మా అమ్మాయి మళ్ళీ ఫోను చేసింది. "అమ్మా, ఈసారి మాగాయతో పాటు ఊట కూడా కాస్త ఎక్కువ పంపు" అంది.

దేంట్లోకని నేనడగలేదు. జాడీ మాత్రం మేనత్తది తీశాను.