మొర

ప్రార్థన సంస్కృతం నుంచి వచ్చింది. మొర అచ్చ తెలుగు. ధ్వనించడమనే అర్థమున్న ‘మొరయు’ దీనికి చుట్టం. అందుకే మొరలో గొంతు వినపడుతుంది. మనసులో ప్రార్థించుకోవచ్చు గానీ మనసులో మొరపెట్టుకోలేం. ఎదుట వినేవారొకరు ఉండాలి, దేవుడైనా, కలెక్టరైనా. మొసలికి చిక్కిన గజేంద్రుడు పెట్టిందీ మొరే.

తెలుగు బైబిలు ఈ మాటను గట్టిగా పట్టుకుంది. నిర్గమకాండం మూడో అధ్యాయంలో దేవుడు ఐగుప్తులోని బానిసల మొర విన్నానంటాడు. కీర్తనల్లో ‘మొఱ్ఱ’ అన్న రూపం పదేపదే వస్తుంది. నన్ను ఎక్కువగా కదిలించేది యాకోబు పత్రిక అయిదో అధ్యాయం. అక్కడ యజమాని ఎగ్గొట్టిన కూలే మొఱ్ఱపెడుతుంది. పత్తి తీసి, మిరపకాయలు కోసి బతికే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆ వాక్యానికి వివరణ అక్కర్లేదు.

ఆ ప్రాంతంలోనే 1985 జులై 17న కారంచేడులో, 1991 ఆగస్టు 6న చుండూరులో దళితులను ఊచకోత కోశారు. చుండూరులో చనిపోయినవారు 8 మంది. ఆ దళితపేటల మొర దేవుడికీ వెళ్లింది, కోర్టుకీ వెళ్లింది. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది; 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది. నా దృష్టిలో ఆ మొర ఇంకా ఆగలేదు, ఆగకూడదు కూడా.

ఈ ఆదివారం మీ చర్చిలో ఆ మృతులను పేరుపేరునా తలుచుకోండి. ఎవరికైనా కూలి బాకీ ఉంటే సోమవారమే ఇచ్చేయండి.