అంజి

అంజి: గుంటూరు జిల్లాయందలి తెనాలివాడైన చక్రపాణియు, బి. నాగిరెడ్డియు విజయా సంస్థ పక్షమున నిర్మింపగా, కె. వి. రెడ్డి దర్శకత్వమున 1951లో వెలువడిన ‘పాతాళ భైరవి’ యను జానపద సాహస చిత్రమునందు కథానాయకుడగు తోటరామునికి సహచరుడు. ఈ పాత్రను ధరించిన హాస్యనటుడు బాలకృష్ణ యావజ్జీవము ‘అంజిగాడు’ అను పేరనే ప్రసిద్ధుడయ్యెను.

పింగళి నాగేంద్రరావు సంభాషణలు గూర్చిన యీ కథలో, ఖడ్గధారియైన నాయకుని శౌర్యము ప్రతినాయకుడైన మాంత్రికుని గుహలో నిష్ఫలమైన వేళ, రాజకుమారి ఇందుమతి మనస్సును గెలువవలెనను ఆ మాంత్రికుని వ్యామోహమునే సాధనముగా గొని, వాని శక్తులకు ఆధారభూతమైన గడ్డమును తీసివేయించి, కోరికలు దీర్చు భైరవీ ప్రతిమను అపహరించి మిత్రునికి అందించినవాడు అంజియే. నవ్వించుటకే పుట్టినట్లు కనబడు పాత్రకు కథానిర్వహణభారము నొప్పగించిన యీ రచనాకౌశలము మిక్కిలి శ్లాఘనీయము. విజయము రామునిదైనను, దానికి మూలము ఈ నిరాయుధుని సమయస్ఫూర్తియే.