చెరకు తోటల్లో పుట్టి బడికెక్కిన భాష

మారిషస్‌కు ఆదిమవాసులంటూ ఎవరూ లేరు. 1598లో డచ్చివాళ్లు ఒడ్డున దిగేనాటికి అక్కడ ఉన్నవి అడవులూ తాబేళ్లూ డోడో పక్షులే. 1710లో డచ్చివాళ్లు దీవిని వదిలేసి వెళ్లిపోయారు. 1715లో ఫ్రెంచివాళ్లు జెండా పాతి, 1721 నుంచి కాపురాలు పెట్టారు. కాబట్టి ఇవాళ ఆ దీవిలో వినిపించే భాషలన్నీ ఏదో ఒక ఓడ దిగి వచ్చినవే, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటే అక్కడ అందరి నోటా ఆడుతోంది. దాని పేరు మారిషస్ క్రియోల్.

ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ హయాంలో మాడగాస్కర్ నుంచి, మొజాంబిక్ తీరం నుంచి, పశ్చిమాఫ్రికా నుంచి, కొంతమందిని మన పుదుచ్చేరి వైపు నుంచి బానిసలుగా పట్టుకొచ్చారు. 18వ శతాబ్దం చివరికి దీవి జనంలో నూటికి 80 మందికి పైగా బానిసలే. ఒకరి భాష ఇంకొకరికి రాదు. దొరలది ఫ్రెంచే అయినా అది పారిస్ పండితుల ఫ్రెంచి కాదు. ఓడ సరంగులూ సిపాయిలూ మాట్లాడే మోటు ఫ్రెంచి. ఆజ్ఞలుగా, తిట్లుగా చెవిన పడిన ఆ మాటలతోనే ఈ మనుషులు ఒకరినొకరు పలకరించుకోవాల్సి వచ్చింది. తోటల్లో పుట్టిన పిల్లలకు అదే ఇంటి భాష అయింది.

మాటలు ఫ్రెంచివే, కానీ కట్టుబడి వేరు. ఫ్రెంచిలో బియ్యాన్ని ‘రి’ అంటారు, దాని ముందు ‘ద్యు’ తగిలిస్తారు. కొత్తగా వినేవాళ్లకు ఆ రెండూ ఒకే మాటగా వినబడి ‘దిరి’ అయింది. అలాగే నీళ్లు ‘దిలో’, బల్ల ‘లతాబ్’, ఇల్లు ‘లకాజ్’. ఆడ, మగ అనే తేడా లేకుండా అతనికీ ఆమెకీ ‘లి’ ఒక్కటే చాలు. ఫ్రెంచి నేర్చుకునేవాళ్లను ఏడిపించే క్రియారూపాల బెడద దాదాపు పోయింది. ‘మొ మాంజె’ అంటే నేను తింటాను. మధ్యలో ‘తి’ పెడితే గతం, ‘పె’ పెడితే తింటూ ఉన్నాను, ‘ఫిన్’ పెడితే తినేశాను, ‘పు’ పెడితే తినబోతున్నాను. ఇన్ని కాలాలను ఇంత పొదుపుగా విడదీసి చెప్పే పద్ధతిని వచ్చీరాని ఫ్రెంచి అనడం కుదరదు.

అసలు ఇది ఎలా పుట్టిందన్న దాని మీద పండితుల మధ్య పెద్ద పోరే నడిచింది. దీనికి వేర్లు పక్కనున్న రీయూనియన్ దీవిలో ఉన్నాయని రొబేర్ షోదాన్సాన్ వాదించారు. కాదు, మారిషస్‌లోనే బానిసల మధ్య సొంతంగా రూపుకట్టిందని ఫిలిప్ బేకర్ గట్టిగా నిలబడ్డారు.

1810లో దీవి ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చింది. పాత దొరల ఫ్రెంచి జోలికి వాళ్లు పెద్దగా పోలేదు. 1835లో బానిసత్వం రద్దయింది. చెరకు తోటలకు కూలీలు కావాలి. అందుకని ఆ రద్దుకు ముందు ఏడాది, 1834 నుంచే మొదలుపెట్టి 1920ల దాకా భారతదేశం నుంచి సుమారు నాలుగున్నర లక్షల మందిని తీసుకొచ్చారు. ఎక్కువమంది భోజ్‌పురి వాళ్లు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి నుంచి, విశాఖపట్నం వైపు నుంచి వెళ్లినవాళ్లు మనవాళ్లు. అక్కడ వాళ్లను కోరింగీలని, జెంటూలని పిలిచారు.

ఇలా వచ్చినవాళ్లంతా క్రియోల్‌లోకి తమ సామాను దించుకున్నారు. వంటింట్లో కడాయి ‘కరాయ్’ అయింది, తమిళుల కరివేపాకు ‘కరిపులే’ అయింది, మునగాకు ‘బ్రెద్ మురుమ్’ అయింది. చేమకు ‘సోంజ్’ అన్న పేరు అంతకు ముందే మాడగాస్కర్ నుంచి వచ్చి ఉంది. బానిసలు మేకతోలు బిగించిన ‘రవాన్’ డప్పు వాయిస్తూ పాడిన సెగా పాటలూ ఈ భాషవే. ఆ సంప్రదాయ సెగాకు 2014లో యునెస్కో గుర్తింపు దక్కింది.

అయినా ‘పత్వా’, అంటే మోటు యాస అన్న చులకన మాత్రం చాలాకాలం వదల్లేదు. ఫ్రాన్స్వా క్రెతియెన్ 1822లోనే క్రియోల్ పద్యాలు అచ్చువేశాడు. షార్ల్ బైసాక్ 1880లో దాని వ్యాకరణం మీద పుస్తకం రాశాడు, తర్వాత కథలూ పొడుపుకథలూ పోగుచేశాడు. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక కూడా రాజ్యాంగం శాసనసభకు ఇంగ్లీషును అధికార భాష చేసి, సభ్యులు కావాలంటే ఫ్రెంచిలో మాట్లాడవచ్చంది. జనం భాషకు అందులో చోటు లేదు.

ఆ చోటు కోసం జీవితమంతా పోరాడినవాడు దేవ్ వీరాసామి. తమిళ, తెలుగు ఇళ్లలో వినే వీరాస్వామి పేరే అది. రాజకీయాల్లో ఉన్నా, నాటకాలు రాసినా ఆయన పట్టు ఒకటే: క్రియోల్ పూర్తి భాష, దేశ భాష. షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’ను ఆధారం చేసుకుని 1991లో ఆయన రాసిన నాటకం పేరు ‘తుఫాన్’. ఆర్నో కార్పురాన్ 2009లో క్రియోల్‌కు క్రియోల్‌లోనే అర్థాలు చెప్పే తొలి నిఘంటువు తెచ్చారు. 2011లో అధికారిక వర్ణక్రమం ఖాయమైంది, 2012 జనవరిలో భాష ప్రాథమిక పాఠశాలల్లో అడుగుపెట్టింది.

అక్కడ మనవాళ్లకు ఓ చిక్కు వచ్చిపడింది. తెలుగుకు అక్కడ గుర్తింపు లేక కాదు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడ జరిగాయి. కానీ తెలుగువాళ్ల ఇళ్లలోనూ ఇప్పుడు మాట్లాడేది ఎక్కువగా క్రియోలే. బడిలో మాత్రం హిందీ, తమిళం, తెలుగు వంటి పూర్వీకుల భాషల వరుసలోనే క్రియోల్‌నూ ఐచ్ఛికంగా పెట్టారు. తాతల భాషా, ఇంటి భాషా ఒకదానితో ఒకటి పోటీ పడాల్సి వచ్చింది. ఈ ఏర్పాటు రెండింటికీ అన్యాయమే. తెలుగు అక్కడ నిలవాలంటే క్రియోల్‌ను ప్రత్యర్థిగా చూడకుండా, ఆ భాషలోనే పిల్లలకు తెలుగు నేర్పే పుస్తకాలు రావాలి.