శీర్షిక నుంచి పోస్టరు దాకా: నల్లగొండ ఫ్లోరోసిస్ పరిశోధనల సంక్షిప్త రూపాలు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
వైద్య సదస్సుకు పంపే సంగ్రహం పరిశోధనలో దేనిని ముందుకు తేవాలో, దేనిని వదలిపెట్టాలో నిర్ణయిస్తుంది. 1937 నుంచి 1975 వరకు తెలుగు ప్రాంతాల ఫ్లోరోసిస్‌పై వెలువడిన కొన్ని ముఖ్య పత్రాల శీర్షికలను కాలక్రమంలో పరిశీలించి, సంగ్రహాలు, పోస్టర్లు రూపొందించే నేటి వైద్య పరిశోధకులకు ఆ చరిత్ర చెప్పే పాఠాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఫ్లోరోసిస్, నల్లగొండ, మహబూబ్‌నగర్, వ్యాససంగ్రహం, పోస్టరు, వైద్య సదస్సు.

ఉపోద్ఘాతం:
నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు గ్రానైటు రాతినేలలపై విస్తరించిన మెట్ట ప్రాంతాలు. ఇక్కడి పల్లెలు తరతరాలుగా బావులు, ఆ తరువాత బోర్లు ఇచ్చే నీటిపై ఆధారపడ్డాయి. రాతిలోని ఫ్లోరైడ్ భూగర్భజలంలో కరుగుతుంది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మోతాదు మించిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే పళ్ళపై మచ్చలు ఏర్పడతాయి. కీళ్ళు బిగుసుకుంటాయి, వెన్ను వంగుతుంది. కొందరిలో వెన్నుపాము నలిగి కాళ్ళు చచ్చుబడతాయి.

మహబూబ్‌నగర్‌లో 2016లోనూ, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. బయటి నిపుణులు వచ్చి పరిశీలించిన ప్రాంతం ఇప్పుడు తన పరిశోధకులను తానే తయారుచేసుకునే దశకు చేరింది. అందువల్ల ఈ ప్రాంతపు వ్యాధి ఇదివరకు కాగితంపైకి ఎలా ఎక్కిందో తెలుసుకోవడం అవసరం.

శీర్షికలలో స్థలం:
1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్‌లు ప్రచురించిన పత్రం శీర్షికలో ‘మద్రాసు ప్రెసిడెన్సీ’ ఉంది. అదే సంవత్సరం షార్ట్, పండిట్, రాఘవాచారి వెలువరించిన మరో పత్రం ‘నెల్లూరు జిల్లా’ను పేర్కొన్నది. 1945లో దావర్ ఇండియన్ మెడికల్ గెజిట్‌లో ‘హైదరాబాదు రాష్ట్రం’లోని ఫ్లోరోసిస్‌ను గురించి రాశారు. 1955లో సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన పత్రానికి ‘ఫ్లోరోసిస్ ఇన్ నల్గొండ డిస్ట్రిక్ట్, హైదరాబాద్-డెక్కన్’ అని పేరు పెట్టారు. ఆ శీర్షికతో నల్లగొండ పేరు అంతర్జాతీయ వైద్య పాఠకుల ముందుకు వచ్చింది.

1973లో కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ప్రచురించిన పత్రం శీర్షికలో ఏ ఊరూ, ఏ జిల్లా లేదు. మోకాళ్ళు లోపలికి వంగే వైకల్యం, ఎముకల గుల్లదనం అనే రెండు లక్షణాలు శీర్షికలో నిలిచాయి. స్థలం ‘ఫ్లోరోసిస్ స్థానికంగా ఉన్న ఒక ప్రాంతం’గా మారింది. కొత్త వ్యాధి రూపాన్ని లోకానికి తెలపడానికి ఆ పద్ధతి ఉపకరించింది. అయితే శీర్షిక మాత్రమే చదివిన వారికి ఆ నీరు ఎక్కడిదో తెలియదు. 1974లో అదే విషయంపై వెలువడిన పత్రం శీర్షికలో ‘ఆంధ్రప్రదేశ్’ తిరిగి చేరింది.

ఒకే తేదీ – రెండు ఘటనలు:
సిద్దిఖీ పత్రం వెలువడిన బ్రిటిష్ మెడికల్ జర్నల్ సంచిక తేదీ 1955 డిసెంబరు 10. నాగార్జునసాగర్ ఆనకట్టకు జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినదీ ఆ రోజే. ఇది కాకతాళీయమే. కానీ ఇరవై ఏళ్ళలోపే ఈ రెండు విషయాలు ఒకే చర్చలో కలిశాయి. జలాశయపు ఊటనీటి వల్ల భూగర్భజల మట్టం పెరిగి, నేలలోని క్షారత మారి, జొన్నలో మాలిబ్డినం పెరిగిందనీ, దానివల్ల శరీరంలో రాగి సమతుల్యత చెడి మోకాళ్ళ వైకల్యం వచ్చి ఉండవచ్చనీ శాస్త్రజ్ఞులు ప్రతిపాదించారు. 1975లో అనిల్ అగర్వాల్ ఈ వాదనను న్యూ సైంటిస్ట్ పాఠకుల ముందుంచారు.

‘ఉండవచ్చు’ అనే మాట సంగ్రహంలో జారిపోతే ప్రతిపాదన నిర్ధారణగా మారిపోతుంది. సంగ్రహరచనలో అతి పెద్ద ప్రమాదం ఇదే.

సంగ్రహం, పోస్టరు – రూపపరిణామం:
ఉపశీర్షికలతో కూడిన సంగ్రహ నమూనా 1987లో అనల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ ద్వారా ప్రచారంలోకి వచ్చింది. పోస్టరు సమావేశాలు అంతకుముందే, 1969లో మాడ్రిడ్‌లో జరిగిన ఐరోపా జీవరసాయన సంఘాల సదస్సు కాలం నుంచి వ్యాపించాయి. సంగ్రహం ఎంపిక సంఘాన్ని ఒప్పించాలి; పోస్టరు నడుస్తూ పోయే పాఠకుణ్ణి నిలబెట్టాలి. ఒకదానికి పదాల పరిమితి, మరొకదానికి చూపుల పరిమితి.

నల్లగొండ అనుభవం నేర్పేది:
మొదటిది స్థలం. ఊరి స్థాయిలో రాయాలా, మండల స్థాయిలోనా అన్నది ఆలోచించి నిర్ణయించాలి. ఒకే ఊరిలో రెండు బోర్ల నీటిలో ఫ్లోరైడ్ వేర్వేరుగా ఉండవచ్చు. కాబట్టి సగటుతోపాటు కనిష్ఠ, గరిష్ఠ విలువలు కూడా ఇవ్వాలి. రెండవది సమూహం. ఆసుపత్రికి వచ్చిన రోగుల సంఖ్య ఊరిలోని వ్యాధి విస్తృతిని తెలపదు. ఆ తేడాను పద్ధతుల భాగంలోనే చెప్పాలి. మూడవది కారణం. సహసంబంధాన్ని కారణంగా రాయరాదు. నాలుగవది ఛాయాచిత్రం. వంగిన వెన్నులు, వంకర కాళ్ళు పోస్టరుపై చూపును ఆపుతాయి. కళ్ళపై నల్లపట్టీ వేస్తే వ్యక్తిని గుర్తించలేరన్న నమ్మకాన్ని అంతర్జాతీయ వైద్య పత్రికా సంపాదకుల సంఘం అంగీకరించదు. చిన్న ఊరిలో నడక తీరు చాలు, మనిషి ఎవరో చెప్పడానికి. అందుచేత రోగికి అతని భాషలో వివరించి లిఖితపూర్వక సమ్మతి పొందడం తప్పనిసరి.

ముగింపు:
నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానాన్ని రూపొందించింది. 1975లో వెలువడిన పత్రం శీర్షికలో దానికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరుంది. వ్యాధికి చిరునామాగా శీర్షికకెక్కిన జిల్లా ఇరవై ఏళ్ళకు పరిష్కారానికి పేరైంది. కానీ పేరు ప్రపంచానికి చేరినంత వేగంగా మంచినీరు పల్లెలకు చేరలేదు. సదస్సు ముగిశాక పోస్టరును చుట్టి అటకమీద పెట్టడం వాడుక. అందులోని ఫలితాలను తెలుగులో ఒక పుటగా రాసి, నీటి నమూనాలు ఇచ్చిన ఊరి పంచాయతీ గోడపై అంటించినప్పుడే ఆ పరిశోధన తన మొదటి పాఠకులను చేరుకుంటుంది.