దూలగొండి గింజ, వాలిన కుందేలు

బెల్లంపల్లిలో బొగ్గుబాయిలు దాటి అడవి బాట పడితే, కంపల మీద అల్లుకున్న దూలగొండి తీగను చూసి జనం పక్కకు తప్పుకుంటారు. కాయ మీది నూగు తగిలిందా, ఒళ్లంతా గోకుడే. ఆ కాయలోని గింజనే ఆయుర్వేదం కపికచ్ఛు పేరుతో ఏనాటి నుంచో వాడుతోంది.

గింజలో ఉన్న ఎల్-డోపా అనే పదార్థాన్ని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు వేరుచేశారు. అంతకుముందే, 1913లో, గుగ్గెన్‌హైమ్ అనే శాస్త్రవేత్త దాన్ని ఒక రకం చిక్కుడు నుంచి తీశాడు. రెండున్నర గ్రాములు తానే మింగి, వాంతులతో అవస్థ పడ్డాడు. మన ఒంట్లో ఎల్-డోపా నుంచే డోపమైన్ అనే రసాయనం తయారవుతుంది.

డోపమైన్‌ను 1910లోనే లండన్‌లో తయారుచేశారు. అయినా నలభై ఏళ్లకు పైగా దానికి విలువ లేదు. అడ్రినలిన్ తయారయ్యే దారిలో అదొక మజిలీ మాత్రమే అనుకున్నారు. 1957లో కాథ్లీన్ మాంటేగు అది మెదడులోనూ ఉందని చూపింది.

ఆ ఏడే స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. అది మన సర్పగంధ వేరు నుంచి వచ్చిన మందు. కుందేళ్లు చెవులు వాల్చి, కదలకుండా పడిపోయాయి. డోపా ఎక్కించగానే కాసేపట్లో లేచి తిరిగాయి. రిసర్పిన్ మెదడులోని డోపమైన్‌ను ఖాళీ చేస్తే, డోపా మళ్లీ నింపిందన్నమాట. ఒక మొక్క పడగొట్టిన ప్రాణిని, మరో మొక్కలోనూ ఉండే పదార్థమే లేపింది!

1960లో వియన్నాలో హోర్నికీవిచ్, చెయ్యి వణికి, నడక మందగించే పార్కిన్సన్స్ జబ్బుతో చనిపోయినవారి మెదళ్లు పరీక్షించాడు. కదలికలను నడిపే భాగంలో డోపమైన్ బాగా తగ్గి ఉంది. మరుసటేడు బిర్క్‌మేయర్‌తో కలిసి రోగులకు ఎల్-డోపా సూదిమందు ఇస్తే, కదలలేనివారు కదిలారు. 1967 నుంచి కోట్జియాస్ డోపాను కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ నోటి ద్వారా ఇచ్చి, దాన్ని నిత్యం వాడే మందుగా నిలబెట్టాడు. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ దక్కింది.

నేరుగా డోపమైనే ఇవ్వొచ్చు కదా? రక్తం నుంచి మెదడులోకి వెళ్లే గడప అది దాటలేదు, ఎల్-డోపా దాటుతుంది. బయటే ఉండిపోయే ఆ డోపమైన్ కూడా వృథా కాదు. పడిపోయిన బీపీని నిలబెట్టడానికి ఆసుపత్రిలో సెలైన్‌తో ఎక్కిస్తారు. ఫోన్ మోగితే కలిగే ఉబలాటానికే డోపమైన్ అని పేరు పెట్టుకున్నాం గానీ, చెయ్యి చాచి ఆ ఫోన్ అందుకోవడానికీ అదే కావాలి.

ఒక్క మాట. ఇది చదివి దూలగొండి గింజలు నూరుకుని మింగకండి. ఏ గింజలో ఎంత మందుందో కంటికి తెలియదు. ఎక్కువైతే ఏమవుతుందో గుగ్గెన్‌హైమ్ ఎప్పుడో చవిచూశాడు. ఇంట్లో పెద్దల చెయ్యి వణికినా, నడక మందగించినా వయసని సరిపెట్టుకోక, నరాల డాక్టరుకు చూపించండి.