స్పాట్ గన్‌కు పేటెంటు పరీక్ష: హోసూరు, కృష్ణగిరి పరిశ్రమల చరిత్రలో ఒక అధ్యాయం

రెండు ఉక్కు రేకులను రాగి మొనల మధ్య బిగించి, వాటి గుండా వేల ఆంపియర్ల విద్యుత్తును సెకనులో చిన్న భాగం పాటు పంపి, రేకులు ఒకదానినొకటి తాకే చోట మాత్రమే లోహాన్ని కరిగించి అతికించే పద్ధతిని స్పాట్ వెల్డింగ్ అంటారు. ఆ మొనలను పట్టుకుని, రేకులను నొక్కి, విద్యుత్తును అందించే సాధనానికి కార్ఖానాల్లో స్పాట్ గన్ అని పేరు. ఈ గన్‌ను రోబో చేతికి అమర్చినప్పుడు అందులో కొత్తదనం ఎక్కడుందో తేల్చడం పేటెంటు కార్యాలయానికి సులభమైన పని కాదు; ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్, సిలిండర్, మోటారు, రాగి మొన అన్నీ విడివిడిగా ఏనాటి నుంచో తెలిసినవే. తెలిసిన భాగాల కూర్పు ఏ దశలో ఆవిష్కరణ అవుతుందన్న ప్రశ్న స్పాట్ వెల్డింగ్‌తో పాటే పుట్టింది. ఆ ప్రశ్న మీద భారతదేశంలో నడిచిన ప్రసిద్ధ వ్యాజ్యాలలో ఒకటి హోసూరు గడ్డ మీద ఎదిగిన సంస్థకు సంబంధించినదే కావడం వల్ల, ఈ పరీక్ష కథను ఆ సీమ పారిశ్రామిక చరిత్రలో భాగంగా చదవడం సమంజసం.

కృష్ణగిరి పరిసరాలు బారామహల్ అనే పాత సీమలోనివి. 1792 నాటి శ్రీరంగపట్నం ఒప్పందంతో బారామహల్ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1799లో టిప్పు సుల్తాను పతనమయ్యాక హోసూరు వైపు ప్రాంతం కూడా కంపెనీ పాలనలో చేరింది. చాలాకాలం సేలం జిల్లాలోను, 1965 నుంచి ధర్మపురి జిల్లాలోను ఉన్న ఈ తాలూకాలతో 2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి జిల్లా ఏర్పడింది. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ మూడూ కలిసే ఈ మూలలో తెలుగు, కన్నడం, తమిళం తరతరాలుగా పక్కపక్కనే వినిపిస్తూ వచ్చాయి. రాగి పంటకు, మామిడి తోటలకు పేరుపొందిన ఈ మెట్ట సీమలో యంత్ర పరిశ్రమ మాత్రం ఇరవయ్యో శతాబ్దపు చివరి పాదంలోనే వేళ్లూనుకుంది.

తమిళనాడు ప్రభుత్వం 1971లో నెలకొల్పిన సిప్కాట్ అనే పారిశ్రామిక ప్రోత్సాహక సంస్థ, వెనుకబడిన ప్రాంతాలకు కార్ఖానాలను రప్పించే ఉద్దేశంతో ఆ దశకంలోనే హోసూరులో పారిశ్రామిక వాడను తెరిచింది. బెంగళూరు నలభై కిలోమీటర్ల దూరంలోనే ఉండటం దానికి కలిసివచ్చింది. 1980 ప్రాంతంలో అశోక్ లేలాండ్ ట్రక్కుల కర్మాగారం, టీవీఎస్ 50 మోపెడ్ల తయారీ ఇక్కడ మొదలయ్యాయి. ఆ దశకంలోనే టాటా సంస్థలూ తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి స్థాపించిన టైటన్ గడియారాల కర్మాగారం వచ్చింది. పెద్ద కార్ఖానాల చుట్టూ వాటికి విడిభాగాలు, జిగ్గులు, ఫిక్స్చర్లు, డైలు చేసిపెట్టే చిన్న టూల్ రూములు పుట్టుకొచ్చాయి. జిగ్ అంటే పని జరిగేటప్పుడు సాధనం తప్పుదారి పట్టకుండా నడిపించే చట్రం, ఫిక్స్చర్ అంటే పని వస్తువును కదలకుండా పట్టి ఉంచే చట్రం; ఈ రెండింటిలో వందలో ఒక వంతు మిల్లీమీటరు తేడాను కూడా లెక్కపెట్టే నైపుణ్యమే ఈ ఊళ్లకు అసలైన మూలధనమైంది.

రెసిస్టెన్స్ వెల్డింగ్, అనగా లోహం విద్యుత్తుకు చూపే నిరోధం వల్ల పుట్టే వేడితో అతికించే విధానం, అమెరికాలో ఎలిహు థామ్సన్ 1886లో పొందిన పేటెంట్లతో పరిశ్రమలోకి వచ్చింది. ఆయన పద్ధతిలో కడ్డీల కొసలను ఎదురెదురుగా ఆనించి అతికించేవారు. ఒకదానిపై ఒకటి పరచిన రేకులను అక్కడక్కడ బిందువులుగా అతికించే పద్ధతికి యోహాన్ హర్మాట్టా అనే ఆవిష్కర్త పేరిట 1903లో అమెరికాలో దరఖాస్తు పడింది. దానికి పేటెంటు దక్కేసరికి 1912 అయింది. ఆ పేటెంటు హక్కుదారు ఫోర్డ్ మోటార్ కంపెనీపై వేసిన దావా అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. అంతకుముందు ఇదే పేటెంటును ఒక అప్పీలు కోర్టు చెల్లుతుందని, మరొక అప్పీలు కోర్టు చెల్లదని చెప్పి ఉన్నాయి. 1924 జూన్‌లో సుప్రీం కోర్టు తీర్పు చెబుతూ, అప్పటికే తెలిసిన పద్ధతులను కొత్త చోట వాడుకోవడం ఆ వృత్తిలో నైపుణ్యం ఉన్నవాడు చేయగల పనే గాని ఆవిష్కరణ కాదని భావించి, హర్మాట్టా పేటెంటు చెల్లదని నిర్ణయించింది. ఆ విధంగా స్పాట్ వెల్డింగ్‌కు మూలమని చెప్పుకున్న పేటెంటే తెలిసిన దానికీ కొత్తదానికీ మధ్య గీత ఎక్కడన్న ప్రశ్న ముందు నిలవలేకపోయింది.

స్పాట్ గన్ తర్వాతి మలుపు రోబోతో వచ్చింది. జార్జ్ డెవోల్ 1954లో దరఖాస్తు చేసిన, క్రమం నేర్పించగల యాంత్రిక హస్తానికి 1961లో పేటెంటు దక్కింది. అదే ఏడాది యూనిమేట్ అనే ఆ యంత్రం జనరల్ మోటార్స్ కర్మాగారంలో పనికి చేరింది. 1969 నాటికి ఆ సంస్థ లార్డ్స్‌టౌన్ కర్మాగారంలో యూనిమేట్లు కారు బాడీలకు స్పాట్లు వేస్తున్నాయి. అంతవరకు గన్‌ను పైనుంచి బ్యాలెన్సర్‌కు వేలాడదీసి, మోటైన కేబుల్ ద్వారా విద్యుత్తు తెచ్చి, మనిషి చేతితో లాగి ఒక్కొక్క చోట ఆనించేవాడు. రోబో వచ్చాక ట్రాన్స్‌ఫార్మర్‌ను గన్ మీదనే అమర్చే రూపం వ్యాపించింది. కేబుల్‌లో పోయే శక్తి తగ్గింది గాని, గన్ బరువు రోబో మణికట్టు మీద పడింది. మనిషి చేతికి సహజంగా తెలిసిన ఒక విషయాన్ని, అనగా రేకు కాస్త ఎత్తుపల్లాలుగా ఉన్నా రెండు మొనలూ సమానంగా ఆనేలా సర్దుకోవడాన్ని, యంత్రానికి స్ప్రింగులతోనో గాలి సిలిండర్లతోనో నేర్పవలసి వచ్చింది. ఈ అమరికను ఈక్వలైజింగ్ అంటారు. గాలి సిలిండర్ స్థానంలో సర్వో మోటారు, అంటే తన స్థానాన్ని తానే కొలుచుకుంటూ కదిలే మోటారు, వచ్చిన తర్వాత మొన ఎంత అరిగిందో కొలిచి రోబోయే ఆ మేరకు జరిగి సర్దుకునే వీలు కలిగింది.

భారతదేశంలో ఆవిష్కర్తల హక్కులకు మొదటి చట్టం 1856లో వచ్చింది. 1911 చట్టం స్వాతంత్ర్యం తర్వాత కూడా కొనసాగి, మొత్తం ఆరు దశాబ్దాల పాటు నిలిచింది. జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ 1959లో సమర్పించిన నివేదిక, దేశంలోని పేటెంట్లలో అత్యధిక భాగం విదేశీయులవని, వాటిలో ఎక్కువ వాటిని ఇక్కడ ఉత్పత్తిలో పెట్టడమే లేదని బయటపెట్టింది. ఆ నివేదిక పునాదిగా రూపొందిన 1970 చట్టం 1972 ఏప్రిల్ 20 నుంచి అమలులోకి వచ్చింది. కూర్పు విషయంలో ఈ చట్టంలోని మూడవ సెక్షను స్పష్టమైన గీత గీసింది: తెలిసిన పరికరాలు ఒక్కొక్కటి ఎప్పటిలాగే తన పని తాను చేసుకుంటూ ఉండగా, వాటిని పక్కపక్కన చేర్చడమో, వరుస మార్చడమో, రెట్టించడమో మాత్రమే జరిగితే అది ఆవిష్కరణ కాదు. 1978లో బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ వ్యాజ్యంలో, పాత్రల తయారీకి వాడే లేతు అమరిక గురించి తీర్పు చెబుతూ సుప్రీం కోర్టు, పేటెంటు పొందవలసిన మెరుగుదల మామూలు వర్క్‌షాపు మెరుగుదల కంటే ఎక్కువైనదిగా ఉండాలని, పాత భాగాల కూర్పు అయితే దాని వల్ల కొత్త ఫలితమో, మెరుగైన వస్తువో, చవకైన ఉత్పత్తో కలగాలని వివరించింది.

హోసూరు నుంచి వెళ్లే దరఖాస్తు చెన్నైలోని పేటెంటు కార్యాలయానికి చేరుతుంది; తమిళనాడుతో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, కేరళ రాష్ట్రాలు దాని పరిధిలోవే. రోబో గన్ వంటి సాధనం బాహ్య రూపానికి మాత్రమే రక్షణ కోరితే డిజైన్ల చట్టం కింద నమోదు సరిపోతుంది. పనిచేసే తీరుకు రక్షణ కావాలంటే పేటెంటే మార్గం. దరఖాస్తు సాధారణంగా పద్దెనిమిది నెలలకు ప్రచురితమవుతుంది, విడిగా కోరితే తప్ప పరీక్ష మొదలు కాదు, ఆ కోరికకు గడువు 2024 నిబంధనలతో నలభై ఎనిమిది నెలల నుంచి ముప్పై ఒక నెలలకు తగ్గింది. ఎగ్జామినర్ అనే పరీక్షాధికారి ముందుగా క్లెయిములను, అంటే హక్కు కోరుతున్న హద్దులను వాక్యాలుగా చెప్పిన భాగాన్ని, చదువుతాడు. తర్వాత ప్రపంచ పేటెంట్లన్నిటినీ విషయాలవారీగా పేర్చిన అంతర్జాతీయ వర్గీకరణలో రెసిస్టెన్స్ వెల్డింగ్ మొనలను పట్టుకునే సాధనాలకు చెందిన బీ23కే 11/31 శాఖను, రోబో చేతులకు చెందిన బీ25జే వర్గాన్ని వెదికి, దరఖాస్తు తేదీకి ముందే లోకానికి తెలిసిన వాటితో పోల్చి చూస్తాడు.

ఆ పోలికలో మూడు విషయాలు తేలాలి. అదే సాధనం ముందే ఎక్కడైనా వెలువడిందా అన్నది మొదటిది. వెలువడకపోతే, ఆ రంగంలో నైపుణ్యం ఉన్నవారికి సహజంగా తట్టేదేనా, లేక సాంకేతికంగా గాని ఆర్థికంగా గాని ముందడుగు ఉందా అన్నది రెండవది. పరిశ్రమలో ఉపయోగపడుతుందా అన్నది మూడవది. తెలిసిన గన్‌ను తెలిసిన రోబోకు బోల్టులతో బిగించడం రెండవ పరీక్షలో నిలవదు. మొన అరుగుదలను కొలిచి, ఆ కొలతను రోబో కదలికకు జోడించి, ఈక్వలైజింగ్ స్ప్రింగుల అవసరాన్నే తీసివేసే అమరిక దాన్ని మొట్టమొదట రూపొందించిన రోజున నిలిచే అవకాశం ఉంటుంది, ఎందుకంటే అక్కడ రెండు యంత్రాలూ కలిసి ఏ ఒక్కటీ ఒంటరిగా చేయలేని పనిని సాధిస్తున్నాయి. అభ్యంతరాలను ఎగ్జామినర్ మొదటి పరీక్షా నివేదికగా పంపుతాడు. దరఖాస్తుదారు సాధారణంగా ఆరు నెలల్లో జవాబిచ్చి, అవసరమైతే క్లెయిములను కుదించుకుంటాడు. పేటెంటు దక్కక ముందు, దక్కిన ఏడాదిలోపు అభ్యంతరం చెప్పే హక్కు ఇతరులకు ఉంది. ఈ పరీక్ష పేటెంటు చెల్లుబాటుకు హామీ కాదని చట్టమే చెబుతున్నది.

హామీ కాదన్న ఆ మాటకు ఎంత బరువుందో 2007లో హోసూరుకు తెలిసివచ్చింది. నాలుగు స్ట్రోకుల చిన్న ఇంజనులో రెండు స్పార్క్ ప్లగ్గులు అమర్చే పద్ధతికి బజాజ్ ఆటో 2002 జులైలో దరఖాస్తు చేసి 2005 జులైలో పేటెంటు పొందింది. సుజుకితో ఉన్న పొత్తు నుంచి 2001లో విడిపోయి సొంత ఇంజన్ల వైపు సాగుతున్న టీవీఎస్ మోటార్ రెండు ప్లగ్గుల ఇంజనుతో ఫ్లేమ్ అనే బండిని ప్రకటించగా వివాదం రేగింది. టీవీఎస్ తన ఇంజనుకు మూడు వాల్వులున్నాయని, రెండు ప్లగ్గుల ఆలోచన హోండా పేటెంటు వంటి పాత పత్రాల్లోనే ఉందని వాదిస్తూ బజాజ్ పేటెంటు రద్దును కూడా కోరింది. 2008 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు ఏకసభ్య న్యాయమూర్తి ఫ్లేమ్‌ను ఆపుతూ తాత్కాలిక ఆదేశం ఇచ్చారు. 2009 మేలో ధర్మాసనం దానిని తోసిపుచ్చింది. 2009 సెప్టెంబరు 16న సుప్రీం కోర్టు, అమ్మకాల ఖచ్చితమైన లెక్కలు ఉంచాలన్న షరతుతో బండిని అమ్మనిస్తూ, ఇలాంటి మేధో సంపత్తి వ్యాజ్యాలను వాయిదాలు లేకుండా రోజువారీగా విచారించి, మామూలుగా నాలుగు నెలల్లో తీర్పు చెప్పాలని దేశంలోని కోర్టులన్నిటికీ సూచించింది. ఇరుపక్షాలూ 2019లో రాజీకి వచ్చాయి.

ప్లగ్గుల విషయంలో వచ్చిన ప్రశ్నే గన్ విషయంలోనూ రేపు రావచ్చు, ఎందుకంటే ఈ సీమలో రోబోల పని వేగంగా పెరుగుతున్నది. కృష్ణగిరి జిల్లాలోని పోచంపల్లి దగ్గర 2021లో మొదలైన ఓలా ఎలక్ట్రిక్ కర్మాగారం, అదే కాలంలో హోసూరుకు వచ్చిన ఏథర్ విద్యుత్ స్కూటర్ల తయారీ దానికి నిదర్శనాలు. గన్ చేతిని కాస్త వంచి అందని మూలకు అందించడం, చల్లార్చే నీటి దారిని మొనకు మరింత దగ్గరగా తేవడం వంటి మెరుగుదలలు టూల్ రూముల్లో నిత్యం పుట్టేవే. వాటిలో చాలావరకు వర్క్‌షాపు మెరుగుదలలుగానే మిగలవచ్చు, కొన్ని మాత్రం గీత దాటవచ్చు. ఏది ఏదో తెలియాలంటే పాత అమరికలో ఏ లోపం ఉండేదో, కొత్త అమరిక దానిని ఎంత తగ్గించిందో కొలతలతో రాసిపెట్టాలి, బయటపెట్టడానికి ముందే దరఖాస్తు వేయాలి. పేటెంటు ఇరవై ఏళ్ల హక్కు మాత్రమే. అందుకు బదులుగా ఆవిష్కర్త తన పనిని నిపుణుడు చదివి చేయగలిగేంత వివరంగా లోకానికి అప్పగించాలి, గడువు తీరాక అది అందరిదీ అవుతుంది. గడువు తీరిన గన్ పేటెంట్ల చిత్రపటాలు, కొలతలు, కారణాలు నేడు ఎవరైనా ఉచితంగా చదవగల గ్రంథాలయంగా ఉన్నాయి. హోసూరు, కృష్ణగిరి పనివారు ఆ గ్రంథాలయాన్ని చదివేవారుగా, తమ పనిని దానికి చేర్చేవారుగా ఎదిగినప్పుడే, ఇతరుల నమూనాలను నేర్చుకుంటూ మొదలైన ఈ సీమ పరిశ్రమ తన సొంత విద్యను తన పేరిట నిలుపుకుంటుంది; ఎగ్జామినర్ కఠినమైన ప్రశ్న ఆ ఎదుగుదలకు అడ్డంకి కాదు, అది నిజమైనదో కాదో చెప్పే కొలబద్ద.