ఘటమాల

తెలుగు మాధ్యమపు భౌతికశాస్త్ర పుస్తకాల్లో బ్యాటరీకి "ఘటమాల" అని పేరు. ఘటాలను మాలగా కూర్చినది; ఎంత చక్కని సమాసం! అందులోని లెక్క నాకు పూర్తిగా బోధపడింది మాత్రం ఉప్పల్ నుండి నాచారం వెళ్తూ మోటారుసైకిలు మొరాయించిన రోజున. కిక్కు లేని బండి. మీట నొక్కితే టిక్కుమంటున్నదే గాని ఇంజను తిరగదు.

తోసుకుంటూ చేరిన దుకాణంలో కుర్రవాడు, "సార్, ఇది గూడ పన్నెండు వోల్టులే, అగ్గువకు వస్తది" అన్నాడు. నిజమే. సీసపు ఘటం ఒక్కొక్కటి సుమారు 2 వోల్టులు. ఆరింటిని కూరిస్తే 12. అయితే పాతదానిపై 5 ఆంపియర్-గంటలని ఉండగా దీనిపై 2.5 మాత్రమే. కుండల సంఖ్య ఒకటే, కుండలే చిన్నవి! సెల్ఫ్ స్టార్టుకు క్షణంలో కావలసిన కరెంటు వీటికి భారం.

1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకామ్లంలో ముంచి చేసిన ఘటమే వీటికి మూలపురుషుడు. 1881లో కామిల్ ఫోర్ రేకులకు సీసపు ముద్ద పట్టించి నిలవశక్తిని పెంచాడు. నేటికీ అదే రసాయనం. ఒకప్పుడు మూతలు తీసి డిస్టిల్డ్ వాటర్ పోసేవాళ్లం. ఇప్పుడు సీలు వేసినవి వస్తున్నాయి.

1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమరరాజా వారి 5 ఆంపియర్-గంటలదాన్ని, తయారైన నెల చూసి తీసుకున్నాను. పాతదాన్ని తుక్కు బండికి వేయలేదు. కొందరు పగులగొట్టి, ఆమ్లాన్ని మురుగులో పోసి, సీసం కరిగిస్తారు. ఆ పొగ పసిపిల్లల మెదడుకు చేటు. పాతవాటిని తిరిగి సేకరించాలని 2001లోనే నిబంధనలు వచ్చాయి. వాటి స్థానే 2022లో కొత్తవి వచ్చాయి. కుర్రవాడు పాతదాన్ని తూకం వేసి, ఆ మేరకు ధర తగ్గించాడు.